మావయ్య బోరు నీళ్ళు

మా మావయ్యకి కుడి కంట్లో శుక్లం ముదిరింది. విశాఖపట్నం వెళ్ళి ఆపరేషన్ చేయించుకోమని కోనసీమలో వాళ్ళ ఊరి డాక్టరు చెప్పాడట. అత్తయ్య పోరగా పోరగా, వానలు కాస్త తెరిపిచ్చాక బయల్దేరాడు. దువ్వాడ స్టేషన్‌కి నేనూ మా ఆయనా వెళ్ళాం. మావయ్య ఒక చేత్తో బట్టల సంచీ, ఇంకో చేత్తో రెండు తెల్ల ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకుని, మసక కంటితో మెట్టు వెతుక్కుంటూ రైలు దిగాడు. మా ఆయన గబగబా వెళ్ళి క్యాన్లు అందుకున్నారు.

"ఏటి మావా, కొబ్బరి నూనా?"

"కాదండి అల్లుడుగారూ, నీళ్ళండి. దారిలో తాగుదామని తెచ్చుకున్నానండి."

రెండు క్యాన్లూ మూతలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. దారిలో ఒక్క గుక్క కూడా తాగినట్టు లేదు. చోటు మారితే నీళ్ళు పడవని పెద్దవాళ్ళకి భయం ఉంటుంది, అదే అయ్యుంటుందనుకుని నేను పట్టించుకోలేదు. ఇంటికొచ్చాక వాటిని తన మంచం కింద గోడవారగా పెట్టుకున్నాడు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. మా నాన్న కోనసీమ నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చి మల్కాపురంలో కాపురం పెట్టారు. నేను పుట్టి పెరిగింది అక్కడే. ఇంటర్ చదువుతుండగా అమ్మ పోయింది. డిగ్రీ అయ్యేలోపు నాన్న కూడా పోయారు. ఆ తర్వాత నాకు పెద్దదిక్కు మావయ్యే. మా పెళ్ళిలో కన్యాదానం చేసింది మావయ్యా అత్తయ్యానే. అందుకని మా ఆయన్ని సొంత అల్లుడిలాగే చూసుకుంటాడు. గోదావరి వాళ్ళు అల్లుడికిచ్చే మర్యాద ఎలాంటిదో చెప్పక్కర్లేదు. మా ఆయనది విజయనగరం దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. మనసుకి దగ్గరైన మనిషిని "మీరు" అనడం ఆయనకి చేతకాదు. పెళ్ళైన కొత్తలో "మావా, నువ్వు తిన్నావా" అని ఈయన అడిగితే మావయ్య కంగారుపడి నా వంక చూసేవాడు. తర్వాత అలవాటైపోయింది. ఇప్పటికీ ఒకరు "అండి" వదలరు, ఇంకొకరు "నువ్వు" వదలరు.

మా ఆయన డీజిల్ మెకానిక్. మొదట్లో పోర్టులో క్రేన్ల వర్క్‌షాపులో చేసేవారు. తర్వాత గ్యాసు బావుల దగ్గర పని చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో చేరారు. కొన్నాళ్ళు గోదావరి జిల్లాల్లో క్యాంపులో డ్యూటీ, కొన్నాళ్ళు ఇంట్లో సెలవు. వాళ్ళ బృందం చేసే పనిని ఫ్రాకింగ్ అంటారు. బావి తవ్వడం అయ్యాక లోపలికి ఇనప గొట్టం దింపి, గొట్టానికీ చుట్టూ ఉన్న మట్టికీ మధ్య సిమెంటు పోస్తారు. అప్పుడు వీళ్ళు వస్తారు. నీళ్ళలో ఇసకా కొన్ని మందులూ కలిపి, పెద్ద పెద్ద పంపులతో విపరీతమైన ఒత్తిడి మీద లోపలికి కొడతారు. ఎంతో లోతున ఉన్న రాయి పగులుతుంది. ఇసక ఆ పగుళ్ళలో ఇరుక్కుని అవి మూసుకుపోకుండా చూస్తుంది. రాతిలో చిక్కుకున్న గ్యాసు బయటికి వస్తుంది. ఆ పంపులంటే మా ఆయనకి ప్రాణం. సెలవులో ఇంటికొచ్చినా వాటి కబుర్లే. వాటి చప్పుడు వినీ వినీ ఆయన గొంతు కూడా పెద్దదైంది, ఇంట్లో మెల్లగా మాట్లాడమని మా అత్తగారు ఎప్పుడూ గుర్తుచేస్తుంటారు.

ఆ ఏడాది వాళ్ళు చేసిన బావుల్లో ఒకటి మావయ్య ఊరి పొలిమేరలోనే ఉంది. అప్పుడు మా ఆయన ఖాళీ దొరికినప్పుడల్లా మావయ్య ఇంటికి భోజనానికి వెళ్ళేవారు. "అల్లుడుగారు రోజూ కళ్ళెదుట ఉన్నట్టుందే" అని అత్తయ్య ఫోన్లో మురిసిపోయేది.

మావయ్యకి ఆపరేషన్ బాగానే జరిగింది. కంటికి నల్లద్దాలు పెట్టి, నీళ్ళు తగలకూడదు, బరువులెత్తకూడదు అని చెప్పి పంపారు. అదృష్టం కొద్దీ మా ఆయన కూడా సెలవులోనే ఉన్నారు. పొద్దున్నా సాయంత్రమూ ఆయనే చుక్కలు వేసేవారు. ఆ మోటు చేతులతో రెప్ప ఎత్తి చుక్క వేస్తుంటే మావయ్య కదలకుండా పడుకునేవాడు. చుక్కలు వేయడం అవగానే ఏదో చెప్పబోయి, "ఏం లేదండి" అనేవాడు. రెండు మూడు సార్లు గమనించాను. సిగ్గేమో అనుకున్నాను.

ఒక రోజు ఊరి నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. కంటి సంగతి, తిండి సంగతి అయ్యాక, గొంతు తగ్గించి, "నీళ్ళ సంగతి అడిగాడా మీ మావయ్య?" అంది.

"ఏం నీళ్ళు?"

"అడగలేదన్నమాట. అయితే నేను చెప్పకూడదు తల్లీ. ఆయన్నే అడుగు" అని పెట్టేసింది.

నేను అడిగే అవసరం రాలేదు. మర్నాడు మా వీధిలో పైపు మరమ్మతు అని కుళాయి రాలేదు. నేను కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. ఆ రోజు ఆదివారం కావడంతో ఇంట్లోనే ఉన్నాను. వంట మా అత్తగారు చేస్తున్నారు. కుక్కరు ఎన్నిసార్లు కూత పెట్టినా పప్పు పలుకులు పలుకులుగానే ఉంది.

"ఏటమ్మా ఇది, పప్పు ఉడకనేదు. కొత్త పప్పేనా?"

"నిన్న తెచ్చిందే అత్తయ్యా. నీళ్ళెక్కడివి?"

"మీ మావయ్య క్యాను మంచం కింద ఉంటే అందులోయి పోసినాను. కోనసీమ నీళ్ళు కదా, తియ్యగా ఉంటాయనేసి."

ముందుగదిలో పడుకున్న మావయ్య దిగ్గున లేచాడు. నల్లద్దాలతో తలుపు తడుముకుంటూ వంటింట్లోకి వచ్చేశాడు. "చెల్లెమ్మగారూ, అవి వాడకండమ్మా. ఆ పప్పు పారబోసేయండి. ఎవరూ నోట పెట్టుకోకండి."

మా అత్తగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పెరట్లో స్కూటర్ తుడుస్తున్న మా ఆయన చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చారు. ఇక దాచడానికి లేకపోయింది. మావయ్య నెమ్మదిగా పీట మీద కూర్చుని, ఎవరి మొహం వైపూ చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

వాళ్ళింటి బోరు తాతల నాటి చేతి పంపు చోటే వేసింది. ఊళ్ళో తియ్యటి నీళ్ళు ఎవరివంటే ఆ బోరువే. గ్యాసు బావి దగ్గర పనులయ్యాక వానలు పడ్డాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకి నీళ్ళు ఉప్పనయ్యాయి. ముందు తన నోరే బాగాలేదనుకున్నాడు. తర్వాత గిన్నెలకి తెల్లటి పొర కట్టడం మొదలైంది. స్నానం చేస్తే ఒళ్ళు దురద. పట్టగానే ఒక వాసన వస్తుంది, అది ఏ వాసనో చెప్పలేడు. బావి వైపున్న నాలుగైదు ఇళ్ళకే ఇలా ఉంది, కాలవకి అవతలి వాళ్ళకి ఏమీ లేదు.

"ఊళ్ళో వాళ్ళు మీ అల్లుడుగారి కంపెనీయే కదా, అడగమంటున్నారండి. నేనే, ఎలా అడగాలో తెలీక… పట్నంలో ఎక్కడైనా చూపించుకుందామని తెచ్చానండి. మిమ్మల్ని అనడం కాదండి. మీరేవనుకోకండి."

మా ఆయన మొహం వాడిపోయింది. ఆయనకి కోపం వస్తే నాకు భయం లేదు, కాసేపట్లో పోతుంది. ఇది కోపం కాదు.

"మావా, పగుళ్ళు ఎక్కడో కిలోమీటర్ల కిందన. నీ బోరు ఎంత లోతు? వంద అడుగులు ఉంటాదేటి? మధ్యలో అంత మట్టి, అంత రాయి ఉంది. కింద పగిలింది పైకెలా వత్తాది? నాను దగ్గరుండి కొట్టాను కదా, ప్రెషర్ ఎక్కడా తేడా రానేదు."

"మీరు చెప్పింది నిజమే అయ్యుంటుందండి" అన్నాడు మావయ్య. "నీళ్ళు మాత్రం ఇలా ఉన్నాయండి."

మా అత్తగారు పప్పు పారబోసి, పక్కింటి నుంచి బిందె నీళ్ళు తెచ్చి మళ్ళీ వండారు.

సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే మా ఆయన వచ్చారు. "నువ్వేటి అనుకుంటన్నావు?" అని అడిగారు.

మావయ్య లేనిది చెప్పడు అన్నాను. అలా అనడంతో ఆయన్ని అబద్ధాలకోరు అన్నట్టయింది. "అంటే నా సేతుల్తో మీ మావ నీళ్ళు పాడు సేసేనా? ఆ ఇంట్లో అన్నం తిని, ఆ నీళ్ళే తాగి డ్యూటీకెళ్ళినోడ్ని" అన్నారు. ఆయన పంపుల ముందు నిలబడి చేసే పని నేనెప్పుడూ చూడలేదు. మావయ్య బోరు నీళ్ళు మాత్రం చిన్నప్పటి నుంచీ తాగాను. సెలవులకి వెళ్ళినప్పుడు పంపు కొడితే వచ్చే మొదటి ధారని దోసిలి పట్టి తాగేవాళ్ళం. నా మనసు అటే లాగింది. ఆయనకది తెలుస్తూనే ఉంది.

లైబ్రరీలో నాకు తీరిక ఎక్కువే. కంప్యూటరులో, పత్రికల్లో దొరికినంత చదివాను. చదివినకొద్దీ తల తిరిగింది. రాయి పగిలేది చాలా లోతున కాబట్టి తాగే నీళ్ళకి ముప్పు లేదని కొందరు. గొట్టం చుట్టూ పోసిన సిమెంటు సరిగా పట్టకపోతే గ్యాసూ ఉప్పునీళ్ళూ పైకి పాకుతాయని కొందరు. పని అయ్యాక బావిలోంచి తిరిగొచ్చే నీళ్ళని ఎక్కడ పోస్తారన్నదే అసలు ప్రశ్న అని ఇంకొందరు. అందరూ చదువుకున్నవాళ్ళే, అందరూ గట్టిగానే చెబుతున్నారు. ఒక్కో దేశంలో నేల ఒక్కో రకం. మావయ్య ఊరి గురించి ఎవరూ రాయలేదు.

ఇంటికొచ్చి ఆ తిరిగొచ్చే నీళ్ళ సంగతి మా ఆయన్ని అడిగాను. పోట్లాటకి అడగలేదని ఆయనకి అర్థమైనట్టుంది, మామూలుగానే చెప్పారు.

"అదా. లోనకి కొట్టిన నీళ్ళలో కొంత వెనక్కొచ్చేత్తాది. కింద రాతిలో ఉన్న ఉప్పంతా పట్టుకొత్తాది. సముద్రం కన్నా ఉప్పన. గుంత తవ్వి, నల్ల ప్లాస్టిక్ షీటు పరిసి, అందులో ఉంచుతారు. తర్వాత ట్యాంకర్లు పట్టుకెళ్ళి శుద్ధి సేత్తాయి. గుంత పని మాది కాదు, అది వేరే కాంట్రాక్టు."

"మందులేం కలుపుతారు?"

"గోరుసిక్కుడు గింజల జిగురు ఎక్కువ. ఇసక నీళ్ళలో తేలాలి కదా, అందుకనేసి."

పక్కన కూరగాయలు తరుగుతున్న మా అత్తగారు తలెత్తారు. "గోరుసిక్కుడా? కూర వండుకునేదేనా?"

"అదేనే అమ్మా. పురుగు పట్టకుండా ఒక మందు, పని అయినాక ఆ జిగురు ఇరగడానికి ఒకటి. మిగతా డబ్బాల మీద నంబర్లు తప్ప పేర్లుండవు. మాకూ తెల్దు."

"తెలీని మందు భూమిలోకి కొడితే ఎలాగరా" అని ఆవిడ మళ్ళీ తరగడంలో పడ్డారు. ఆయన లేచి మావయ్య గదిలోకి వెళ్ళి, "మావా, రేపు నా కూడా రా. నీళ్ళు టెస్ట్ సేయిద్దాం" అన్నారు.

మద్దిలపాలెం జంక్షన్ దాటాక ఒక మేడ మీద నీళ్ళు పరీక్షించే ల్యాబ్ ఉంది. నేను సెలవు పెట్టి వాళ్ళతో వెళ్ళాను. మిగిలిన క్యాను ఇచ్చాం. కొన్నాళ్ళ తర్వాత రిపోర్టుకి మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. ల్యాబ్ ఆయన మా అందరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. తాగడానికి పనికిరానంత ఉప్పుంది. అది మాత్రం కచ్చితం. ఆ ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ కాయితం చెప్పదు. సముద్రం నుంచీ రావచ్చు, రొయ్యల చెరువుల నుంచీ రావచ్చు, గ్యాసు బావి నుంచీ రావచ్చు.

"మీ పక్కన చెరువులున్నాయా?"

"ఉన్నాయండి. కాలవకి ఇవతల రెండున్నాయండి" అన్నాడు మావయ్య. ఆ మాట ఇంతవరకూ మాకు చెప్పలేదు. మా ఆయన చటుక్కున నా వైపు చూసి మళ్ళీ తల తిప్పుకున్నారు.

"బావి మందులున్నాయేమో చూడగలరా?" అని అడిగాను.

"ఏం వెతకాలో పేరు చెబితే ఆ ఒక్కటీ వెతగ్గలం అమ్మా. పేరు లేకుండా కష్టం. బావి తవ్వక ముందు ఇదే బోరు నీళ్ళు ఎవరైనా పరీక్ష చేయించి ఉంటే చాలా సులువయ్యేది. అప్పుడెంత, ఇప్పుడెంత అని చూసుకునేవాళ్ళం."

మావయ్య అమాయకంగా, "తియ్యగా ఉన్న నీళ్ళకి పరీక్ష ఎవరు చేయిస్తారండి" అన్నాడు. ల్యాబ్ ఆయన నవ్వలేదు. నిజమే అన్నారు.

తిరుగు బస్సులో మా ఆయన, మావయ్య ఒకే సీట్లో కూర్చున్నారు. నేను వెనక సీట్లో. గాజువాక దాటాక మావయ్యే, "చెరువుల సంగతి ముందే చెప్పాల్సిందండి. అవి నాలుగేళ్ళ నుంచీ ఉన్నాయి కదా, అప్పుడు లేని ఉప్పు ఇప్పుడెందుకొస్తుందని చెప్పలేదండి" అన్నాడు.

"అదీ నిజమే మావా" అన్నారు మా ఆయన. "నాను వచ్చి సూత్తాను. సూడకుండా నాది తప్పు నేదు అనడం కూడా సరి కాదు."

మావయ్యకి కన్ను కుదురుకున్నాక దిగబెట్టడానికి నేను వెళ్ళాను. మా ఆయన అప్పటికే డ్యూటీలో చేరారు. ఒక రోజు క్యాంపు నుంచి సెలవడిగి వచ్చారు. ముగ్గురం కాలవ గట్టు మీద నడిచి గ్యాసు బావి దాకా వెళ్ళాం. అప్పటికి పంపులూ లారీలూ వేరే చోటికి తరలిపోయాయి. కంచె లోపల ఎర్ర రంగు వేసిన ఇనప కట్టడం ఒక్కటి నిలబడి ఉంది. కాపలా మనిషి మా ఆయన్ని గుర్తుపట్టి లోపలికి రానిచ్చాడు.

గుంత వెనక వైపు ఉంది. నిండుగా ఉంది. తుఫాను వానకి దారంతా బురదై ట్యాంకర్లు రాలేదని కాపలా మనిషి చెప్పాడు. పైన వాన నీళ్ళు కూడా చేరి గట్టుతో సమానంగా తొణుకుతోంది. మా ఆయన గట్టు వెంట వంగి వంగి చూసుకుంటూ వెళ్ళారు. మావయ్య వాళ్ళ ఇళ్ళ వైపు మూల దగ్గర ఆగి గొంతుక్కూర్చున్నారు. నల్ల షీటు గట్టు మీద నుంచి జారి లోపలికి మడత పడింది. మడత కింద షీటు చీలి ఉంది. అక్కడి మట్టి మెత్తగా, నల్లగా ఉంది. గట్టు బయట గడ్డి చచ్చి తెల్లబడింది.

ఆయన వేలితో మట్టి తీసి వాసన చూశారు. మావయ్యకి ఇచ్చారు. మావయ్య చూసి, "ఇదేనండి. ఈ వాసనేనండి" అన్నాడు.

మా ఆయన అలాగే కూర్చుని చాలాసేపు గుంత వైపు చూశారు. "పైనుంచి దిగింది మావా. కింద నుంచి రానేదు, పైనుంచి దిగింది" అన్నారు. ఆ మాటలో తన పంపులది తప్పు కాదన్న ఊరట ఉందని నాకనిపించింది. దానికి నేనేమీ అనుకోలేదు. వెంటనే ఆయనే, "అయినా ఆ నీళ్ళు పైకి వచ్చింది మేం కొడితేనే కదా" అన్నారు.

ఫోన్లో ఫోటోలు తీసుకున్నారు. వాళ్ళ సూపర్వైజరుకి చూపిస్తే, గుంత మన పని కాదు, నీకెందుకన్నాడట. ఆ బావి సొంతదారులైన పెద్ద కంపెనీ వాళ్ళ ఆఫీసుకి వెళ్ళారు. అక్కడి ఇంజినీరు ఫోటోలు చూసి ముందు చిరాకు పడ్డాడట, తర్వాత కుర్చీ చూపించాడట. "ఆయన్ని అనడానికి నేదు. ఆయనకీ అది అప్పుడే తెలిసింది" అని మా ఆయన నాకు ఫోన్లో చెప్పారు. ఆ వారంలోనే రోడ్డు మీద రాళ్ళు పోసి ట్యాంకర్లు తెచ్చి గుంత ఖాళీ చేశారు. అడుగు మట్టి కూడా ఎత్తుకెళ్ళారు. ఆ నాలుగైదు ఇళ్ళకీ రోజూ మంచినీళ్ళ ట్యాంకరు రావడం మొదలైంది. తప్పు మాది అని ఎవరూ అనలేదు. ట్యాంకరు వెంట వచ్చిన మనిషి, ఇది కంపెనీ చేస్తున్న సేవ అన్నాడట. అత్తయ్యకి ఒళ్ళు మండి, "నీళ్ళు పాడుచేసి సేవేమిటయ్యా, బిందె నింపు" అందట.

మా ఆయన్ని ఆ బృందంలోంచి తీసేశారు. ఉద్యోగం పోలేదు. విశాఖలో కంపెనీ యార్డులో పాడైన పంపులు విప్పి బాగుచేసే పనిలో వేశారు. శిక్ష అని ఎవరూ చెప్పలేదు, అడిగితే మామూలు మార్పే అన్నారు. కొడుకు రోజూ ఇంటికొస్తున్నాడని మా అత్తగారు సంబరపడ్డారు. నాకూ సంతోషమే. ఆయన మాత్రం కొన్ని నెలలు మామూలు మనిషిలా లేరు. పాత జట్టు వాళ్ళు ఫోన్ చేయడం మానేశారు. ఒకడు మాత్రం కలిసి, "మావగారి ఊరనేసి మమ్మల్ని ఇరికించావు బావా" అన్నాడట. నవ్వుతూనే అన్నాడట. ఆ మాట మాత్రం ఈయన మర్చిపోలేదు. అన్నం దగ్గర కూర్చుని ఎటో చూసేవారు. మేడ మీద ఆయనతో అన్న మాట గుర్తొచ్చి నాకు బాధగా ఉండేది. ఒక రోజు అదే చెప్పాను.

"నువ్వనకపోతే నాను ఎల్లి సూసీవోడ్ని కాదు" అన్నారు ఆయన. "మావ అంత దూరం మోసుకొచ్చి, అడగడానికి మొహమాటపడ్డాడు సూడు. నాకు అదే గుర్తొత్తాది."

మరుసటి ఏడాది ఆ ఊరి పక్కనే ఇంకో బావి తవ్వుతారని తెలిసింది. ఊళ్ళో జనాన్ని పిలిచి, అధికారుల ముందు మీటింగ్ పెడుతున్నారు. మాట్లాడమని ఊరివాళ్ళు మావయ్యని అడిగారు. మా ఆయన్ని తీసుకురమ్మని కూడా అడిగారట. మావయ్య ఫోన్ చేసి ఆ సంగతి చెబుతూనే, "మీరు రావద్దండి. మీ ఉద్యోగానికి మాట రాకూడదు. నన్నేం అడగమంటారో చెప్పండి, నేను అడుగుతానండి" అన్నాడు.

మా ఆయన యార్డు నుంచి వచ్చి, చేతులకి గ్రీసు కడుక్కుంటూ ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడారు. బావి వద్దని అడుగుతావా, జాగర్తగా చేయమని అడుగుతావా అని ముందు మావయ్యని అడిగారు. మావయ్య ఆలోచించాడు. ఊళ్ళో సగం మంది పిల్లలు ఆ బావుల దగ్గరే ఏదో ఒక పని చేస్తున్నారు. తను వండుకునేది కూడా గ్యాసు పొయ్యి మీదే. వద్దనడానికి తనకి నోరు రావడం లేదన్నాడు.

"అయితే ఇను మావా. తవ్వక ముందే ఊళ్ళో అన్ని బోర్ల నీళ్ళూ పరీక్ష సేయించమను. ఆ కాయితం మీ సేతికి ఇమ్మను. గొట్టం సుట్టూ సిమెంటు పట్టిందో నేదో టెస్ట్ ఉంటాది, అది పాసయ్యాకే ఫ్రాకింగ్ సేయాలను. తిరిగొచ్చిన నీళ్ళకి గుంత వద్దు, ఇనప ట్యాంకులు పెట్టమను. ఏం మందులు కలుపుతారో పేర్లు సెప్పమను."

మావయ్య ఒక్కొక్కటీ తిరిగి చెప్పించుకున్నాడు. "సిమెంటు సంగతి ఇంకోసారి చెప్పండి అల్లుడుగారూ" అని మూడుసార్లు అడిగాడు. చివరికి, "ఇవన్నీ చేస్తే నీళ్ళకి ఏమీ కాదంటారా?" అన్నాడు.

మా ఆయన చేతులు తుడుచుకున్నారు. "ఏమీ కాదని నాను సెప్పలేను మావా. కింద పగుళ్ళు నీ బోరు దాకా రావని నాకు నమ్మకం. మిగతాదంతా మనుసులు సేసే పని. ఆళ్ళు సరిగా సేత్తే సరిగా ఉంటాది."

మీటింగ్ ఎలా జరిగిందో అత్తయ్య చెప్పింది. ముందు మావయ్య మాట్లాడ్డానికి భయపడ్డాడట. తర్వాత మొదలుపెట్టి, "నాకు ఈ బావుల మీద కోపం లేదండి, మా అల్లుడుగారు ఆ పనే చేస్తారండి" అన్నాడట. జనం ఘొల్లున నవ్వారట. ఆ నవ్వుతో భయం పోయి, చెప్పాల్సినవన్నీ వరసగా చెప్పాడట. బోర్లు పరీక్ష చేయిస్తామని అధికారులు అక్కడే ఒప్పుకున్నారు. సిమెంటు టెస్ట్ ఎలాగూ చేస్తామన్నారు. ఇనప ట్యాంకుల సంగతి ఆలోచిస్తామన్నారు. మందుల పేర్లు అడిగితే మాత్రం కంపెనీ తరఫున వచ్చిన ఇంజినీర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట.

రెండో వానాకాలం గడిచాక మావయ్య బోరు నీళ్ళలో ఉప్పు తగ్గింది. గుంత గట్టు పక్కన గడ్డి మళ్ళీ పచ్చబడింది. గేదెలు ఆ నీళ్ళు తాగుతున్నాయి, కొబ్బరి మొక్కలకి పెడుతున్నారు. మావయ్యా అత్తయ్యా మాత్రం తాగడం లేదు. రొయ్యల చెరువుల వాటా ఎంతో, గుంత వాటా ఎంతో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. గుంతదే పెద్ద వాటా అని మా ఆయన అంటారు. మావయ్యేమో, చెరువులది కూడా లేకపోలేదండి అని ఆయన్ని ఓదార్చే ధోరణిలో అంటాడు.

కొత్త బావికి కంచె వేయక ముందే ఊళ్ళో నీళ్ళు తీసుకోవడానికి మనుషులొచ్చారు. ఆ సాయంత్రం మావయ్య మా ఆయనకి ఫోన్ చేశాడు. మా ఆయన అప్పుడే అన్నానికి కూర్చున్నారు. కంచం పక్కన పెట్టి ఫోన్ అందుకున్నారు.

"సీసాలు కొత్తవేనా మావా? పంపు కాసేపు కొట్టాక పట్టేరా, ముందే పట్టేరా?"

"కొట్టించాకేనండి. నేనే దగ్గరుండి కొట్టించానండి. మూతల మీద సీలు వేసి, ఏ ఇంటిదో రాశారండి. కాలవకి అవతలి ఇళ్ళు వదిలేసి వెళ్ళిపోతుంటే మీ అత్తయ్య అడ్డం పడి వెనక్కి తీసుకొచ్చిందండి."

"మంచి పని సేసింది. అవతలోళ్ళవి కూడా ఉండాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుని సూసుకోవచ్చు. కాయితాలు ఎప్పుడిత్తారంట?"

మావయ్య చెబుతున్నాడు. ఈయన అడుగుతున్నారు. సీలు ఏ రంగు, సీసా ఎంత, ఎవరి బోరు ఎంత లోతు. అన్నం చల్లారిపోతోందని మా అత్తగారు వంటింట్లోంచి సైగ చేశారు. నేను కంచం మీద మూత పెట్టాను.